పంటికి తెలిసిన ఊరు

ప్రాగ్ కోట మూడో ప్రాంగణంలో 1928లో తవ్వకాలు జరుగుతుండగా ఒక యోధుడి సమాధి బయటపడింది. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త ఇవాన్ బోర్కోవ్‌స్కీ దాన్ని వెలికితీశాడు. 9వ లేదా 10వ శతాబ్దం నాటి ఆ మనిషి అస్థిపంజరాన్ని అదే కోటలో ప్రదర్శనకు పెట్టారు. పాత రాజభవనం కింది అంతస్తులో 2004లో తెరిచిన 'ప్రాగ్ కోట కథ' ప్రదర్శనలో దాన్ని ఉంచారు.

చనిపోయేనాటికి అతనికి 50 ఏళ్లుంటాయి. పక్కన మీటరుకు కాస్త తక్కువ పొడవున్న కత్తి, గొడ్డలి, రెండు చాకులు, బకెట్టు, మంగలికత్తి పెట్టి పూడ్చారు. వాటితోపాటు చెకుముకి ఇనుము కూడా ఉంది. రాయి మీద కొట్టి నిప్పురవ్వ రాల్చే చిన్న ఇనుప ముక్క అది. మన తాతలు మొలలో దోపుకున్న చెకుముకి సంచిలో ఉండేదీ ఇలాంటిదే. వైకింగుల దగ్గర ఇది సర్వసాధారణం. కత్తి, గొడ్డలి కూడా బయటి పనితనమే. బకెట్టు, చాకులు మాత్రం స్థానికం.

ఈ కలగాపులగమే తగవుకు మూలమైంది. 1939లో ప్రాగ్‌ను ఆక్రమించిన నాజీలు ఇతన్ని ఉత్తరాది జాతివాడంటూ తమలో కలుపుకున్నారు. బోర్కోవ్‌స్కీ చేత బలవంతంగా ఆ మాట ఒప్పించారు. 1945 తర్వాత సోవియట్ల ప్రాబల్యం వచ్చింది. అదే శాస్త్రవేత్త, అవే ఎముకలు. యోధుడు మాత్రం స్లావ్ రాజవంశీకుడయ్యాడు. ఒక పండితుడి నోట తుపాకి నీడలో రెండు రకాల మాటలు పలికించడం నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

చివరికి పన్నును అడిగారు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన వాళ్ల పళ్లమీద మరకలు చూసినవారికి ఈ పరీక్ష సులువుగా అర్థమవుతుంది. చిన్నప్పటి నీళ్ల గుర్తు పంటిలో ఉండిపోతుంది. రాళ్లలో స్ట్రాన్షియం అనే మూలకం ఉంటుంది. అందులో 87, 86 అనే రెండు ఐసోటోపుల (వేర్వేరు బరువులున్న రూపాల) నిష్పత్తి నేలనుబట్టి మారుతుంది. రుబీడియం క్షీణించి స్ట్రాన్షియం-87గా మారుతుంది కాబట్టి, రుబీడియం ఎక్కువున్న పాత రాళ్ల నేలల్లో ఈ నిష్పత్తి ఎక్కువ. ఆ స్ట్రాన్షియం నీటిలోకి, పంటలోకి, అక్కడి నుంచి కాల్షియానికి బదులుగా పంటి పింగాణీ పొరలోకి చేరుతుంది. ఎముక జీవితాంతం అరుగుతూ కొత్తగా పేరుకుంటుంది. పింగాణీ మాత్రం బాల్యంలో గట్టిపడ్డాక ఇక మారదు.

ఆ పరీక్షలో ఇతను ప్రాగ్‌లో పుట్టలేదని తేలింది. ఉత్తర ఐరోపావాడు; బహుశా బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరమో డెన్మార్కో అతను పుట్టిన చోటు. అయితే ఆ కాలంలో బాల్టిక్ దక్షిణ తీరాన స్లావులు కూడా ఉన్నారు. పన్ను ఊరి జాడ చెబుతుంది, జాతి చెప్పదు. అతన్ని తమవాడని రాసుకునే హక్కు ఆ రెండు ప్రభుత్వాల్లో దేనికీ లేదు.

అతన్ని చూసే అవకాశం వస్తే కత్తి దగ్గర ఎలాగూ ఆగుతారు. కాస్త వంగి పుర్రె వైపు కూడా చూడండి.