మెడికల్ గంజాయి: చట్టం మారితే దివిసీమ పేషెంట్‌కి మందు అందుతుందా?

గంజాయి అంటే మనకు టీవీలో కనిపించేవి చెక్‌పోస్టులు, కారు డిక్కీల్లో ప్యాకెట్లు, పోలీసుల ప్రెస్‌మీట్లు. అదే మొక్క నుంచి తీసిన మందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఓకే చెప్పింది. పిల్లల్లో ఓ పట్టాన తగ్గని కొన్ని రకాల ఫిట్స్‌కు వాడతారు. మరి మన దగ్గర వైద్యానికైనా అనుమతించొచ్చా?

నిజానికి మన చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఉంది. కాకపోతే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పూత లేకుండా ఉన్న ఆకులు, గింజలైతే ఆ చట్టం చెప్పే గంజాయి కిందికే రావు. ఆయుర్వేదంలో 'విజయ' పేరుతో దొరికే మందులు ఈ వెసులుబాటు మీదే నడుస్తున్నాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేసినప్పుడు భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది.

కీమో తర్వాత వాంతులు, కొన్ని రకాల నొప్పులకు పనికొస్తుందని మద్దతుదారుల మాట. వద్దనేవాళ్లు విశాఖ మన్యం వైపు చూపిస్తారు. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో అక్కడ వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికేశారు. 2024లో ప్రత్యేకంగా 'ఈగల్' విభాగమే పెట్టాల్సొచ్చింది. లైసెన్సు సరకు పక్కదారి పట్టదని గ్యారంటీ ఏంటన్నది వాళ్ల ప్రశ్న. కొట్టిపారేసే భయం కాదిది.

ఈ గొడవలో పేద పేషెంట్ మాటే వినపడదు. ఆ ఫిట్స్ మందుకు అమెరికాలో మొదట పెట్టిన ధర ఏడాదికి దాదాపు 32,500 డాలర్లు!

అసలు పాఠం మార్ఫిన్‌ది. క్యాన్సర్ నొప్పికి వాడే ఈ మాత్ర చవక, చట్టబద్ధం. ఒకప్పుడు ఆస్పత్రులు దీనికోసం నాలుగైదు లైసెన్సుల వెంట తిరగాల్సొచ్చేది. 2014 సవరణతో రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఒక్కటి చాలు. కానీ ఆస్పత్రి గుర్తింపు తీసుకోవాలి, నొప్పి వైద్యంలో ట్రైనింగైన డాక్టర్ ఉండాలి. మామూలు మెడికల్ షాపులో అడిగితే దొరికేది కాదు.

నాగాయలంకలో వేటకెళ్లే కుటుంబంలో పెద్దాయనకు నోటి క్యాన్సర్ ముదిరిందనుకుందాం. మాత్రల కోసం విజయవాడో గుంటూరో పోవాలంటే బస్సు ఖర్చు, పైగా తోడెళ్లినవాళ్ల కూలి పోతుంది. మాత్ర కంటే ప్రయాణమే ఖరీదు. గంజాయి మందుకు రేపు అనుమతొచ్చినా దారి ఇదే. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రులున్నాయి. నొప్పి మందు అక్కడిదాకా ఎలా వస్తుందన్నది గంజాయి కంటే ముందు తేలాల్సిన లెక్క.

ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉంటే డాక్టర్‌ని 'పాలియేటివ్ కేర్ ఉందా, మార్ఫిన్ ఇస్తారా' అని సూటిగా అడగండి. ఎవరో చెప్పారని నొప్పికి గంజాయి మాత్రం కొనొద్దు. కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.