ఆంబూరు కనుమలో పుట్టిన బాకీ

మా సంఘం వేడుకల్లో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ప్రతి ఏడూ నన్నొక మాట అడుగుతారు. "మీది ఏ వైపండీ? కోస్తానా, సీమా, తెలంగాణా?" మాది గుడియాత్తం అంటాను. అదెక్కడని అడుగుతారు, ఆప్యాయంగానే. తమిళనాట వేలూరు దగ్గర, ఆంబూరుకు పక్కనే అని చెప్తే, "ఓ, బిరియానీ ఊరు!" అని ముఖం విప్పారుతుంది. ఆ మూడు గళ్ళలో దేంట్లోనూ నేను పట్టను. అయితే ఆ గళ్ళు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని పాతికేళ్ళుగా దొరికిన పుస్తకమల్లా చదువుతూ పోతే, దారి తిరిగి తిరిగి మా ఊరి పక్కకే వచ్చి ఆగింది.

చెన్నై నుంచి బెంగుళూరు వెళ్ళే రైల్లో గుడియాత్తం దాటాక కిటికీ పక్కన కూర్చుని చూడండి. కొండలు రెండు పక్కలా దగ్గరకు జరుగుతాయి. పక్కనే ఎండిన పాలారు, ఇసుక. ఆంబూరు దగ్గర కొండ మీద పాత దుర్గం. పై సీమ నుంచి ఆర్కాటు మైదానంలోకి దండు దిగాలంటే ఉన్న దారులు కొన్నే, అందులో ఇదొకటి. ఇంకొకటి మన పాకాల దగ్గరి దామలచెరువు కనుమ. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ అక్కడే మరాఠాల చేతిలో చనిపోయాడు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి ఆంబూరులో ఇంకో నవాబు ప్రాణం పోయింది.

1748లో మొదటి నిజాం ఆసఫ్ జా కన్నుమూశాడు. గద్దె నాదంటే నాదని కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ తగువు పడ్డారు. ఆర్కాటులోనూ అదే రకం తగువు. నిజాం నియమించిన అన్వరుద్దీన్ ఖాన్ నవాబుగా ఉన్నాడు. అంతకు ముందు ఏలూరు, రాజమండ్రి సీమలను ఏలి వచ్చిన పెద్దమనిషి. దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబ్ ఏళ్ళ తరబడి మరాఠాల చెరలో మగ్గి అప్పుడే బయటపడ్డాడు. గద్దె లేని ఇద్దరూ, ముజఫర్ జంగ్, చందా సాహెబ్, ఒకటయ్యారు. పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచి గవర్నరు డూప్లే వాళ్ళ వెనక నిలబడ్డాడు. హైదరాబాదు ఇంటి గొడవలోకి సముద్రం అవతలి దొర అడుగుపెట్టింది ఇలాగే.

అన్వరుద్దీన్ ఆంబూరు కనుమకు అడ్డంగా కట్ట పోయించి ఫిరంగులు నిలిపాడు. ఒక పక్క కొండ, మరో పక్క చెరువు. 1749 ఆగస్టు 3న వచ్చిన ఫ్రెంచి దళంలో తెల్లవాళ్ళు నాలుగు వందల మంది, వాళ్ళు తర్ఫీదు ఇచ్చిన సిపాయిలు రెండు వేల లోపు. మొదటిసారి కట్ట మీదికి ఎగబాకి వెనక్కి తగ్గారు. రెండోసారీ తగ్గారు. దళనాయకుడు దోతేయికి తొడలో గుండు దిగింది. మూడోసారి బుస్సీ అనే యువ సేనాని ముందుండి నడిపించాడు. కట్ట విరిగింది. వయసు మళ్ళిన నవాబు ఏనుగు దిగలేదు, వెనుదిరగలేదు. అంబారీ మీదే తుపాకి గుండు తగిలి పడిపోయాడు. పెద్దకొడుకు మహఫూజ్ ఖాన్ పట్టుబడ్డాడు. రెండో కొడుకు మహమ్మద్ అలీ తిరుచిరాపల్లికి తప్పించుకుపోయి, తర్వాత ఇంగ్లీషువాళ్ళ ఆసరా తీసుకున్నాడు. ఒకడు ఒక దొరను తెచ్చుకుంటే రెండోవాడు ఇంకో దొరను వెతుక్కోక తప్పలేదు.

ఆ ఉదయం దక్కను దర్బారులన్నిటికీ ఒక సంగతి తెలిసిపోయింది. వేల గుర్రాలు చేయలేని పని, వరస తప్పకుండా నడిచి వరస తప్పకుండా కాల్చే కొద్ది వందల మంది చేయగలరు. అలాంటి దండు ఎవరి పక్కన ఉంటే వాళ్ళదే గద్దె. కాకపోతే ఆ దండుకు నెలనెలా జీతం ఇవ్వాలి. యుద్ధం ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. రొక్కంగా ఇవ్వాలి. మన సంస్థానాల్లో రొక్కం ఎక్కడిది? పంట వచ్చాక శిస్తు, ఆ శిస్తులోనూ సగం బకాయి. రొక్కం లేనివాడు నేల రాసిస్తాడు. గెలిచిన వెంటనే పాండిచ్చేరి చుట్టుపక్కల ఎనభై పైచిలుకు ఊళ్ళు ఫ్రెంచివారికి ముట్టాయి. ఆ ముచ్చట్లన్నీ కళ్ళారా చూసి తమిళంలో దినచర్య రాసుకున్నవాడు డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై. ఆయన మీదే మన కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందం రాసి అంకితమిచ్చాడు.

తర్వాతి ఏడాదిన్నర నెత్తుటి ఏరు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ సెంజి దగ్గర తన వెంట వచ్చిన పఠాను నవాబుల కుట్రకు బలయ్యాడు. ముజఫర్ జంగ్ నిజామై హైదరాబాదుకు బయలుదేరి, 1751 ఫిబ్రవరిలో రాయచోటి సీమలో ఆ నవాబులతోనే పోరాడుతూ చనిపోయాడు. ఆ దండు మధ్యలోనే నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను బుస్సీ గద్దె ఎక్కించాడు. నిజాం రాజ్యానికి ఎవరు రాజో కడప గడ్డ మీద ఒక ఫ్రెంచి సేనాని తేల్చాడన్నమాట.

రెండేళ్ళలో జీతాల చిక్కు వచ్చిపడింది. బుస్సీ జబ్బుపడి మచిలీపట్నంలో ఉన్న సమయం చూసి దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఫ్రెంచి సిపాయిలకు జీతం ఆపాడు, వాళ్ళను దూరదూరంగా చెదరగొట్టాడు. బుస్సీ లేచి ఔరంగాబాదు దాకా వెళ్ళి సలాబత్ జంగ్ ముందు నిలబడ్డాడు. ఖజానా నుంచి రావలసిన జీతం కోసం ప్రతి నెలా చెయ్యి చాచడం ఇక కుదరదన్నాడు. 1753 చివర ఫర్మానా చేతికొచ్చింది. ముస్తఫానగర్, అంటే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం: ఈ నాలుగు సర్కారుల శిస్తు ఇక దండు జీతానికి. కృష్ణ నుంచి మహేంద్రగిరి వైపు దాకా తెలుగు తీరం ఒక పటాలం జీతాల ఖాతాలో జమ పడింది. ఈ రోజుకీ కాకినాడ వెళ్ళే రైలు పేరు సర్కార్ ఎక్స్‌ప్రెస్.

బొబ్బిలి కథ తెలియని తెలుగిల్లు ఉండదు. బుర్రకథలో విన్నాం, సినిమాలో చూశాం. అందులో బుస్సీ ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ దొరలా కనిపిస్తాడు. ఆయన వచ్చింది జమీందార్ల దగ్గర నిలిచిపోయిన శిస్తు రాబట్టడానికి, సిపాయిలకు జీతాలు పంచడానికి. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఆయనకు దగ్గరయ్యాడు, తన పక్కవాడైన బొబ్బిలి రాజు మీదున్న పగను దొర ఫిరంగులతో తీర్చుకోజూశాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మంటల్లో పోయింది. కోటలోని ఆడవాళ్ళు, పసివాళ్ళు శత్రువు చేతికి చిక్కకుండా తమవాళ్ళ కత్తులకే బలయ్యారు. తర్వాత కొన్ని రాత్రులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి చంపాడు. ఆంబూరులో నిజాం ఇంటివాళ్ళు చేసిన పనే బొబ్బిలిలో జమీందారు చేశాడు. పక్కింటితో తగువు తీర్చుకోవడానికి దూరపువాణ్ణి పిలిచాడు.

విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద కోపంతో బెంగాలు నుంచి ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవు పంపిన ఫోర్డు 1758 డిసెంబరులో పిఠాపురం సీమలోని చందుర్తి దగ్గర గెలిచి, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టాడు. ఫ్రెంచి స్నేహితులను ఆదుకుందామని సలాబత్ జంగ్ దండుతో బయలుదేరాడు, చేరేలోగానే కోట పడిపోయింది. మే నెలలో ఆయన ఇంగ్లీషువాళ్ళతోనే ఒప్పందం రాసుకున్నాడు.

ఆయన తర్వాత వచ్చిన నిజాం అలీని మాట మీద నిలబడని మనిషని చరిత్ర పుస్తకాలు తేలిగ్గా అనేస్తాయి. నాకు ఆ మాట న్యాయంగా తోచదు. పడమట పూనా మరాఠాలు, దక్షిణాన శ్రీరంగపట్నంలో హైదర్ అలీ, తూర్పున ఇంగ్లీషు కంపెనీ. ఏ ఇద్దరు ఒకటైనా మూడోవాడి నేల మీద పడతారు. 1766లో ఏడాదికి తొమ్మిది లక్షల రూపాయల కప్పానికి సర్కారులను కంపెనీకి ఒప్పగించాడు. ఏడాది తిరక్కుండా హైదర్ అలీతో చేయి కలిపి కంపెనీ మీదికే వచ్చాడు. 1767 సెప్టెంబరులో తిరువణ్ణామలై దగ్గర ఓడాక, హైదర్ మళ్ళీ కనుమ దిగి మా ఆంబూరునే ముట్టడించాడు. కొండ మీది దుర్గంలో కాల్వర్ట్ అనే కెప్టెనూ, కొద్దిమంది సిపాయిలూ నవంబరు, డిసెంబరు నెలల్లో తట్టుకుని నిలబడ్డారు. ఆ సిపాయిల పటాలం తర్వాత ఆంబూరు పేరును బిరుదుగా మోసింది. హైదర్ పని అయిపోతోందని గ్రహించి నిజాం అలీ మళ్ళీ కంపెనీ వైపు వచ్చాడు. 1768 ఒప్పందంతో సర్కారులు ఖాయంగా చేజారాయి. గుంటూరు మాత్రం తమ్ముడు బసాలత్ జంగ్ కింద కొంతకాలం నిలిచి 1788లో వెళ్ళిపోయింది.

1795లో మరాఠాలు ఖర్డా దగ్గర నిజాం అలీని చిత్తుగా ఓడించారు. సాయానికి రమ్మంటే కంపెనీ కదల్లేదు. కోపంతో ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాన్ని పెంచాడు. హైదరాబాదు మూసారాంబాగు పేరు ముస్యే రేమండ్ పేరు నుంచి వచ్చిందే, సమాధి కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంది. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. ఆ సెప్టెంబరు ఒప్పందంతో ఆరు ఇంగ్లీషు పటాలాలు వచ్చి హైదరాబాదులో తిష్ట వేశాయి. ఖర్చు ఏడాదికి ఇరవై నాలుగు లక్షల పైన. అక్టోబరులో ఫ్రెంచి పటాలం ఆయుధాలు కింద పెట్టింది. ఇంగ్లీషు దండు విడిది చేసిన చోటుకే తర్వాత సికందర్ జా పేరు మీద సికిందరాబాదు అని పేరు పడింది.

మళ్ళీ జీతాలే. మళ్ళీ రొక్కం లేదు. 1792లోనూ, 1799లోనూ హైదర్ కొడుకు టిప్పు ఓడిపోయాక నిజాం వాటాకు బళ్ళారి, అనంతపురం, కడప సీమలు వచ్చాయి. 1800 అక్టోబరులో ఆ సీమలన్నీ దండు జీతం కింద కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్త మండలాలు. దత్తం అనే మాట మీద మనసు కష్టపెట్టుకున్న పెద్దలు 1928లో నంద్యాల సభలో కూర్చున్నప్పుడు, చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ముందుకు తెచ్చారు. సర్కారులూ పోయి, దత్త మండలాలూ పోయాక నిజాం కింద మిగిలిన తెలుగు నేల తెలంగాణ. ఆ పేరు చాలా పాతది, ఆ సరిహద్దు మాత్రం ఈ లెక్కలు గీసినది.

ఆర్కాటు సంగతీ అంతే. ఆంబూరు నుంచి పారిపోయిన మహమ్మద్ అలీ నవాబై బతికినంతకాలం ఇంగ్లీషువారికి అప్పుపడే బతికాడు. ఆయన పోయిన ఆరేళ్ళకు, 1801లో రాజ్యం కంపెనీ చేతికి వెళ్ళింది. మా ఊళ్ళు ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరాయి. జిల్లా కచేరీ చిత్తూరులో. వ్యాజ్యం ఉన్నా, పట్టా కావాలన్నా గుడియాత్తం వాళ్ళు చిత్తూరుకే వెళ్ళేవాళ్ళు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు వేరే జిల్లా అయింది, మా కచేరీ వేలూరుకు మారింది. తర్వాత చాలా ఏళ్ళకు రాష్ట్రాలూ వేరయ్యాయి.

మా అవ్వ పుట్టిల్లు పలమనేరు. ఆ అడవుల్లో పుట్టిన కౌండిన్య నది కొండ దిగి గుడియాత్తం నడిబొడ్డున పారుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఎప్పుడైనా రాత్రికి రాత్రి ఎర్రనీళ్ళు వస్తే తెల్లవారకముందే అవ్వ వంతెన దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయేది. కొంగు తలమీదికి లాక్కుని, పిట్టగోడ పట్టుకుని ఆ నీళ్ళనే చూస్తూ, "మా ఊళ్ళో గట్టి వానే పడిందిరా" అనేది.