కొంగ కదలదు మావయ్యా

మా అక్క కొడుకు చింటూకి నాలుగున్నరేళ్లు. "రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోడు" అని స్కూల్ డైరీలో నోట్ వచ్చింది. అక్కకి టెన్షన్. రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. వాడు ఏడుపు, తను అరుపు. సెమ్ హాలిడేస్‌కి నేను వెళ్లింది సరిగ్గా అప్పుడే.

మూడో రోజు పెరట్లో నీళ్ల తొట్టి పక్కన వాడు ఒంటికాలి మీద నిలబడి కనిపించాడు. "ఏంట్రా?" అంటే, పెదాలు కదపకుండా "కొంగని. కొంగ కదలదు మావయ్యా, చేప పారిపోద్ది" అన్నాడు. ఫోన్‌లో టైమర్ పెట్టా. మధ్యలో కాలు మార్చుకున్నాడు గానీ, రెండు నిమిషాలు దాటినా తొట్టి మీంచి చూపు తిప్పలేదు!

కూర్చోమంటే కూర్చోనివాడు ఇదెలా చేశాడు? ఇలాంటి ప్రయోగమే మనుయిలెంకో అనే సోవియట్ మనస్తత్వవేత్త చేసి 1948లో ప్రచురించారు. ఊరికే కదలకుండా నిలబడమన్నప్పటి కంటే, కాపలా సిపాయి ఆటలో పిల్లలు చాలా ఎక్కువసేపు నిలబడ్డారట. వైగోత్‌స్కీ అంతకుముందే చెప్పింది కూడా ఇదే. ఆటలో పిల్లలు తమ పాత్రకున్న రూల్‌కి తామే కట్టుబడతారు. మన భాషలో చెప్పాలంటే, రూల్ బయటనుంచి వచ్చే ఇన్‌పుట్ కాదు, కొంగ కోడ్‌లోనే ఉంది. (పోలిక కాస్త అతిగా ఉంటే సీఎస్ వాళ్లు క్షమించాలి.)

ఇక ఒంటి సంగతి. కొంగ అంటే బ్యాలెన్స్. కప్పగెంతు అంటే తొడల బలంతో ఎగిరి, మెత్తగా దిగడం. ఎలుగుబంటి నడకలో అరచేతులు, పాదాలే నేలకి ఆనాలి, మోకాళ్లు ఆనకూడదు. బరువంతా మణికట్ల మీద, భుజాల మీద పడుతుంది. ఒక్కసారి మీరూ హాస్టల్ కారిడార్‌లో ట్రై చేయండి, పది అడుగులకే తెలుస్తుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టులు పిల్లలతో ఈ నడకలు పనిగట్టుకుని చేయిస్తారు. పెన్సిల్ పట్టేది వేళ్లే, కానీ ఆ చేతిని మోసేది భుజం కదా. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, అందులో 60 నిమిషాలు కాస్త గట్టిగానే ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాడు కుర్చీలో కూర్చునే టైమ్ దీనికి సరిగ్గా ఉల్టా.

ఇదంతా అక్కకి చెప్తే "వాడి కోతి వేషాలకి నువ్వొకడివి తోడు" అంది. కానీ ఇప్పుడు దిద్దడానికి ముందు పది నిమిషాలు ఎలుగుబంటి నడకకి ఒప్పుకుంది. ఏడుపు తగ్గిందట.

పోయిన వారం ఇంకో నోట్ వచ్చింది, క్లాసులో బెంచీల కింద పాకుతున్నాడని. వీడియో కాల్‌లో అడిగితే "మొసలి" అన్నాడు. వెనకనుంచి అక్క నన్ను చూసిన చూపు మాత్రం పులిదే.