విషము లేని కూరతోట

నల్లమల యడవికి మన్ననూరు వాకిలి వంటిది. హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు రాజమార్గము ఇచ్చటి అటవీశాఖవారి తనిఖీ ద్వారమును దాటి అమ్రాబాదు పులుల అభయారణ్యమున ప్రవేశించును. నాగర్‌కర్నూలు జిల్లాలోని యీ యెఱ్ఱ చెలక నేలలలో రైతులు ప్రత్తి, మొక్కజొన్న, కంది, వేరుసెనగ మొదలగు పైరులను పండించెదరు. అయితే ఆ రైతులే తమ యింటి కూరకొఱకు సంచి చేతబట్టుకొని అచ్చంపేట అంగడికి బోవుటను మనము చూచుచున్నాము. చేను గలవాడు కూర కొనుట యేల? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వేధించినది.

దానికంటె పెద్ద ప్రశ్న నొక విద్యార్థి మాకు వేసెను. దసరా సెలవులలో తండ్రికి సాయముగ ప్రత్తిచేనిలో పురుగుమందు కొట్టుచు, ఎదురుగాలికి ఆ మందు మీద బడగా, ఆ బాలుడు తల తిరిగి వాంతులతో పడిపోయెను. ఆసుపత్రిలో రెండుదినము లుండి, దైవకృపవలన కోలుకొని బడికి తిరిగి వచ్చిన పిమ్మట, "సారూ, మీద పడ్డ మందే నన్నింత చేసె. కూరల మీద కొట్టినది తిన్నోళ్ల నేం చేస్తది?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పుటకంటె, బడి వెనుక నున్న పదిగుంటల నేలలో పైరు వేసి చూపుటయే మేలని తలచితిమి. ఆ పనిలో మేము నేర్చికొనినదియు, ఇతరత్ర జరిగినదియు ఇచ్చట వివరించెదము.

సేంద్రియ వ్యవసాయ మనగా నేమి?

కర్మాగారములలో చేసిన రసాయనిక యెరువులును, పురుగుమందులును వాడక, పేడ, ఆకు, పెంట, పప్పుజాతి పైరులు మున్నగు వానితో నేలను పోషించి పంట దీయుటయే సేంద్రియ వ్యవసాయము. ఇది మన పెద్దలకు తెలియని విద్య కాదు. అయితే దానిని శాస్త్రరీతిని పరిశీలించినవారిలో ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన 1924 మొదలు 1931 వఱకు ఇందూరు నగరమందలి పరిశోధనాలయమున పనిచేసి, మన దేశపు రైతుల పద్ధతులను శ్రద్ధతో గమనించి, చెత్తను పేడతో కలిపి పొరలు పొరలుగ పేర్చి యెరువుగా మార్చు విధానమును రూపొందించెను. దానికి "ఇందూరు పద్ధతి" యని పేరు. పాశ్చాత్యులు నేడు గొప్పగ చెప్పికొను విద్యలో కొంతభాగము మన పల్లెలనుండియే పోయినదని విద్యార్థులు మరువరాదు.

నేలయు, ఎరువును

చెలకనేల నీటిని త్వరగా జార్చివేయును; దానిలో జీవపదార్థము తక్కువ. కాబట్టి మొదటి పని విత్తుట కాదు, నేలకు బలము చేకూర్చుట. తొలకరిలో జనుముగాని జీలుగగాని చల్లి, పూతకు వచ్చువేళ నేలలో కలియదున్నవలెను. ఈ పైరుల వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కిచ్చును. గట్లమీద గిరిపుష్పము నాటినయెడల ఏడాది పొడవున పచ్చియాకు దొరకును; అభయారణ్యములో చొచ్చి ఆకు తేవలసిన పని యుండదు.

ఇక పెంటను గూర్చి ఒక మాట. మేము మొదటి యేట తొందరపడి పచ్చిపేడను మళ్లలో వేసితిమి. దాని ఫలముగా చెదలు పట్టెను, కలుపు మొలిచెను, వంగనారు సగము చచ్చెను. పేడ కుళ్లి మట్టివాసన వచ్చువఱకు ఆగవలెనని అప్పుడు తెలిసినది. ఎండుచెత్త, పచ్చియాకు, పేడ, కొంచెము మట్టి పొరలుగ వేసి, తడి యారకుండ చూచుచు, మధ్యమధ్య తిరుగవేసినచో మూడు నెలలలో మంచి యెరువగును. ఆ కుప్పలో పుట్టు వేడిమికి కలుపు గింజలు చాలవఱకు నశించును.

జీవామృతమును గూర్చి నేడు పలువురు చెప్పుచున్నారు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల ఆవుపంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను వేసి, రోజును కఱ్ఱతో కలుపుచు రెండుదినములు పులియనిచ్చినచో ఒక యెకరమునకు చాలును. అయితే ఇది నేలలోని సూక్ష్మజీవులకు ఉపకరించు పదార్థమేగాని, పెంటకు బదులు కాదు. బాగుగ మాగిన పశువుల యెరువులోనే నత్రజని నూటికి అరపాలు మాత్రముండును; అనగా ఒక టన్నుకు 5 కిలోలు. ఆ లెక్క తెలిసినవాడు డబ్బాడు నీళ్లతో పంట పండునని భ్రమపడడు.

విత్తుటలో లెక్క

ఒకేదినమున తోటంతయు తోటకూర చల్లినవానికి ఒకేదినమున బండెడు కూర వచ్చును. తరువాత నెలదినములు ఏమియు నుండదు. కూర అమ్ముకొనువానికి వారము వారము పంట కావలెను. దీని నొక లెక్కగా మా విద్యార్థుల కిచ్చితిమి: పాలకూర విత్తిన 30 దినములకు కోతకు వచ్చును, వారమున కొకమడి కోయవలెనన్నచో ఎన్ని మళ్లు కావలెను? నాలుగు వారములకు 28 దినములే గనుక నాలుగు మళ్లు చాలవు, ఐదు కావలెను. వారమున కొకటి చొప్పున విత్తుచు పోయినచో, ఐదవ మడి విత్తిన మఱుసటి వారమునకు మొదటి మడి కోతకు సిద్ధమగును. బెండ సుమారు 45 దినములకు కాపుకు వచ్చి, కొన్ని వారములు కాయుచునే యుండును గనుక దానికి అన్ని మళ్లక్కఱలేదు. నల్లబల్లమీద చేసిన భాగహారము తోటలో ఇట్లు ఉపయోగించును.

పురుగులు, తెగుళ్లు

విషము వేయకున్నచో పురుగు లూరకుండునా? ఉండవు. ప్రతి పురుగు నడవడిని తెలిసికొనుటయే మందు. వంగలో కొమ్మను, కాయను తొలుచు పురుగు మొదట లేతకొనలను వాడజేయును. వారమున కొకమాఱు అట్టి కొనలను త్రుంచి కాల్చివేసినచో పురుగుల సంతతి తగ్గును. లింగాకర్షక బుట్టలు వ్రేలాడదీసినచో మగ రెక్కలపురుగులు చిక్కును. బెండలో ఆకుల యీనెలు పసుపుబాఱు తెగులు తెల్లదోమవలన వ్యాపించును. అది సోకిన మొక్కకు మందు లేదు గనుక వెంటనే పెఱికివేయవలెను. కాకర, బీర, సొర పాదులక్రింద రాలిన పుచ్చుకాయల నట్లే విడిచినచో వానిలోని పండుఈగ మఱల విజృంభించును. వానిని ఏరి లోతుగ పూడ్చవలెను. టమాట చాళ్ల నడుమ బంతి నాటినచో కాయతొలుచు పురుగు తల్లి బంతిపూలకు మరలి గ్రుడ్లు పెట్టును.

వేపగింజల కషాయము అన్నిటికంటె మనకు సులభమైనది. 5 కిలోల వేపగింజల పప్పును దంచి రాత్రి నానబెట్టి, వడియగట్టి, 100 లీటర్లకు నీరు చేర్చి, సాయంకాలము పిచికారి చేయవలెను. దానిలోని సారము ఎండకు చెడును గనుక మధ్యాహ్నము కొట్టుట వ్యర్థము. అయితే "చెట్టుమందు గదా, హాని యుండదు" అనుకొనరాదు. పొగాకులోని నికోటిను మనుష్యుని చంపగల విషము. మొక్కలనుండి వచ్చినంతమాత్రమున ఏదియు నిరపాయము కాదు.

రసాయనిక విషముల మాట ప్రభుత్వమువారును గ్రహించియున్నారు. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడుట మన దేశమున 2005 సంవత్సరముననే నిషేధింపబడెను; ఎండోసల్ఫానును 2011లో సర్వోన్నత న్యాయస్థానము నిలిపివేసెను. మా విద్యార్థి యడిగిన ప్రశ్న చిన్నపిల్లవాని భయము మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

మన్ననూరువారికి మఱియొక బాధ గలదు. అవి అడవిపందులు, కోతులు. పందులకై కంచెకు కరెంటు తగిలించుట చట్టవిరుద్ధమేగాక, ప్రాణాంతకము. అది పందిని, పులిని, పక్కచేని రైతును ఒక్కతీరుగనే చంపును. రాతికంచె, ముళ్లకంచె, రాత్రి మంచెమీది కావలి, ఇవియే సరియైన మార్గములు. కోతులు సాధారణముగ అంతగా ఆశింపని మిరప, కాకర, పసుపు వంటివానిని తోట అంచుల వేయుట మేలు.

అమ్మకము

పండించుట సగము పని; అమ్ముట మిగిలిన సగము. ఇరువది యిండ్లవారు వారమునకు మూడేసి కిలోల కూర తీసికొందు రనుకొనుడు. అది 60 కిలోలు. కిలో 40 రూపాయలని యూహించినచో 2400 రూపాయలు. అదే కూరను గంపగుత్తగ 20 రూపాయల వంతున వ్యాపారికిచ్చినచో 1200 రూపాయలు. ఈ తేడా యంతయు లాభమని సంతోషింపరాదు. మోయుట, త్రాసు పట్టుట, వాడినది పాఱవేయుట, ఇండ్లు తిరుగుట, వీని కూలి యంతయు దానినుండియే తీయవలెను.

మన్ననూరున కొక ప్రత్యేక సదుపాయము గలదు. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు అడవిమార్గము మూయబడును గనుక, తెల్లవాఱుజామున యాత్రికుల బండ్లు ద్వారమువద్ద ఆగియుండును. వారికి కూరగాయలు అమ్మవచ్చునని మొదట తలచితిమి. గాని శ్రీశైలమునకు పోవువాడు వంకాయలు కొనడు! మధ్యాహ్నము తిరిగివచ్చి యింటికి పోవువాడే కొనును. కాబట్టి ఉదయము కోసిన కూరను తడిగోనె క్రింద నీడను ఉంచి, తిరుగుప్రయాణపువారికి చూపవలెను. ఎవరికి, ఎప్పుడు, ఏమి కావలెనో ఆలోచించుటయే వర్తకమునకు మొదటి పాఠము.

సత్యము

సేంద్రియమైన వంకాయయు, విషము కొట్టిన వంకాయయు చూపున కొక్కతీరుగనే యుండును. కొనువాడు కంటితో చూచి నిర్ణయింపలేడు. అమ్మువాని మాటనే నమ్మవలెను. ఇందుకే ప్రభుత్వమువారు నియమము లేర్పఱచిరి. 2001లో ఆరంభమైన జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమపు నియమము ననుసరించి, ఏడాది పైరులకు రసాయనములు మానిన పిమ్మట రెండేండ్లు మార్పుకాలముగ గడువవలెను. చిన్నరైతులకొఱకు భాగస్వామ్య హామీ పద్ధతి గలదు. దానిలో కనీస మైదుగురు రైతులు గుంపుగ నేర్పడి ఒకరి చేని నొకరు తనిఖీ చేసికొందురు. 2017 నాటి ఆహారభద్రతా నియమములు, తన పంటను తానే నేరుగా వినియోగదారునికి అమ్ము చిన్నరైతును ధ్రువపత్రపు నిర్బంధమునుండి మినహాయించినవి. పత్ర మడుగనిచోట మాట విలువ మఱింత పెరుగును గదా!

ఒక వేసవిలో మా తోటలో టమాట తగ్గిపోయెను. ఇండ్లకిచ్చు బుట్టలు వెలితిగ నుండుట చూచి విద్యార్థులు కొందఱు, "అంగడినుండి నాలుగు కిలోలు తెచ్చి కలుపుదము, ఎవరికి తెలియును?" అనిరి. అది వారి దుర్బుద్ధి కాదు, మాట పోవునను భయము. మేము బుట్టలను వెలితిగనే పంపి, కారణమును చీటిపై వ్రాయించితిమి. ఒక యింటివారు మఱునాటినుండి మానుకొనిరి. తక్కినవారు నేటికిని కొనుచున్నారు. ఆ చీటి వ్రాసిన బాలుడు, పూర్వము మందు మీదబడి పడిపోయినవాడే.

ఇతరుల యనుభవము

ఇది ఒక్కరివలన అగు పని కాదని రెండూళ్లు మనకు చూపినవి. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామమువారు ప్రత్తి, మిరప పైరులపై మందులు కొట్టి అప్పులపాలై, పిమ్మట వేపకషాయము మొదలగు పద్ధతుల నవలంబించి, 2004 నాటికి పురుగుమందులను విడిచిరి. నేడు జనగామ జిల్లాలో నున్న ఏనబావి గ్రామము 2006లో సంపూర్ణ సేంద్రియ గ్రామముగ ప్రకటింపబడెను. ఊరంతయు నేకమైనప్పుడు పక్కచేని మందు గాలికి వచ్చి పడు బాధయు తొలగును.

తొందరపాటు తగదనుటకును నిదర్శనము గలదు. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనిక యెరువుల దిగుమతిని ఒక్కసారిగ నిలిపివేయగా, వరి, తేయాకు పంటలు దెబ్బతినెను. ఆ యేటనే నవంబరులో ఆ యాజ్ఞను సడలింపవలసివచ్చెను. కాబట్టి తలిదండ్రులారా, ఉన్న చేనంతయు ఒక్కయేట మార్చుడని మేము చెప్పము. మొదట ఇంటికూరకొఱకు రెండుగుంటలు విడువుడు. అది మీ పిల్లలకు పట్టెడు మంచికూర పెట్టినచో, మఱు సంవత్సరము ఐదుగుంటలు చేయుడు.

విద్యార్థులారా, మీలో పలువురు చదువు ముగియగనే పట్టణములకు పోవ దలచుచున్నారు. పోవుడు, తప్పు లేదు. అయితే వ్యవసాయము చదువురానివాని పని యను మాట మాత్రము వెంట తీసికొని పోకుడు. పురుగు నడవడి గమనించుటకు శాస్త్రము, మళ్లు విభజించుటకు గణితము, బుట్టలో చీటి వ్రాయుటకు సత్యము కావలెను. ఈ మూడును నేర్చినవానికి పదిగుంటల నేలయు పాఠశాలయే యగును.