అమెరికా మోటారు కంపెనీలు: బోర్డు దిగింది, పద్ధతి మిగిలింది

భీమ్‌గల్: పసుపు సీజనులో ఇక్కడి సరుకు నిజామాబాదు యార్డుకు గానీ, మహారాష్ట్రలోని సాంగ్లీకి గానీ కదలాలంటే లారీ కావాలి. కాడి, గోళ ధరలతో పాటు లారీ కిరాయి, హమాలీ లెక్క వేసుకోకుండా ఏ ఖరీదుదారూ బేరం ఖాయం చేయడు. ఆ లారీ మీద సాధారణంగా టాటా పేరో, అశోక్ లేలాండ్ పేరో కనిపిస్తుంది గాని అమెరికా కంపెనీ పేరు కనిపించదు. ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ మన దేశంలో కార్ల అమ్మకాలు ఆపివేసిన సంగతి విదితమే. అయినప్పటికీ లారీ తయారయ్యే తీరు, దాని విడిభాగం ఆర్మూరులో దొరికే తీరు, దానికి అప్పు పుట్టే తీరు, ఈ మూడూ ప్రపంచమంతటా పాకడానికి కారణం అమెరికా కంపెనీలే. కంపెనీ వేరు, పద్ధతి వేరు. వాహనం కొనేవారు, ఏజెన్సీకి పెట్టుబడి పెట్టేవారు ఈ తేడాను గుర్తించడం అవసరం.

నమూనాకు సరిపోయే సరుకు

మొదటిది విడిభాగాల సంగతి. తొలినాళ్ళలో ప్రతి కారునూ మేస్త్రీలు ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్క భాగాన్నీ సరిచేసి బిగించేవారు. ఒక కారు భాగం మరొక కారుకు పట్టేది కాదు. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపి, తిరిగి మూడు కార్లుగా బిగించి 500 మైళ్ళు నడిపి చూపారు. ఆ పరీక్షకు కాడిలాక్‌కు డ్యూవర్ ట్రోఫీ లభించింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ జనరల్ మోటార్స్‌లో చేరింది.

దీని విలువ పసుపు వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. నమూనాకు బస్తా సరిపోతుందన్న నమ్మకం ఉంటేనే చూడని సరుకుకు బేరం కుదురుతుంది. నాణ్యతకు కొలతలు నిర్ణయించుకున్న తరువాతనే పసుపులో వాయిదా వ్యాపారం సాధ్యమయింది. మోటారు విడిభాగాల దుకాణం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. భాగం నంబరు చెబితే చాలు, సరుకు వస్తుంది.

ధర దించిన గొలుసు

రెండవది తయారీ. ఫోర్డు కంపెనీ 1908లో ‘మోడల్ టి’ కారును సుమారు 850 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే గొలుసు వచ్చింది. అంతవరకూ పనివాడు బండి దగ్గరకు వెళ్ళేవాడు. ఆనాటి నుంచి బండే పనివాడి ముందుకు వచ్చింది. షికాగో కబేళాల్లో మాంసం గొలుసు మీద కదలడం చూసి ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. కారు చట్రం బిగించడానికి 12 గంటలకు పైగా పట్టే సమయం 1 గంట 33 నిమిషాలకు తగ్గింది. 1920ల మధ్య నాటికి కారు ధర 300 డాలర్లకు లోపే పడింది. 1927లో నిలిపివేసే నాటికి ఒకటిన్నర కోట్ల మోడల్ టి కార్లు తయారయ్యాయి.

అయితే ఒకే పని రోజంతా చేయలేక కూలీలు మానిపోసాగారు. వారిని నిలుపుకోవడానికి 1914లో ఫోర్డు రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించింది. కూలి పెరిగినా ధర తగ్గిందంటే, లాభం బండికింతని కాక బండ్ల సంఖ్య మీద రాబట్టుకున్నారన్నమాట. తక్కువ మార్జిను, ఎక్కువ అమ్మకం అన్న లెక్క మన వర్తకులకు కొత్తది కాదు.

కిస్తుల వ్యాపారం

మూడవది అప్పు. ఫోర్డు అధిపతి హెన్రీ ఫోర్డుకు అప్పు బేరం నచ్చేది కాదు. 1923లో ఆయన కంపెనీ పెట్టిన పథకం దాదాపు మన చిట్టీ వంటిది. కొనేవాడు వారం వారం సొమ్ము జమ చేయాలి, మొత్తం ధర నిండాకనే కారు చేతికి వస్తుంది. ఇది అంతగా సాగలేదు. జనరల్ మోటార్స్ దీనికి తలకిందులుగా ఆలోచించింది. 1919లోనే సొంత ఫైనాన్సు కంపెనీ పెట్టి ముందు కారు ఇచ్చి, తరువాత కిస్తులు వసూలు చేసింది. 1923లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ హయాంలో పాత కారు తీసుకుని కొత్తది ఇవ్వడం, ఏటేటా రూపు మార్చడం, ఒక్కొక్క ఆదాయ వర్గానికి ఒక్కొక్క బండి అమ్మడం స్థిరపడ్డాయి. 1920ల చివరికి జనరల్ మోటార్స్ ఫోర్డును దాటిపోయింది.

ఈ పద్ధతికి దక్షిణాదిలో మంచి ఉదాహరణ టీవీఎస్ సంస్థ. జనరల్ మోటార్స్ వాహనాల ఏజెన్సీతో ఎదిగిన ఈ మధుర కుటుంబం నుంచే 1954లో సుందరం ఫైనాన్స్ వచ్చింది. లారీలకు కిస్తుల మీద అప్పులిచ్చే వ్యాపారం దక్షిణాదిన విస్తరించడంలో ఆ సంస్థది పెద్ద చెయ్యి. చేతిలో పూర్తి పైకం లేని మనిషి కూడా లారీ యజమాని కాగలగడం ఇటువంటి అప్పుల వల్లనే.

ఒకసారి వచ్చి, ఒకసారి వెళ్ళి

భారతదేశంలో ఫోర్డు 1926లోనూ, జనరల్ మోటార్స్ 1928లోనూ కాలుపెట్టాయి. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో ఫోర్డు, బొంబాయి శివ్డీలో జనరల్ మోటార్స్ దిగుమతి భాగాలను బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక దరిమిలా, దశలవారీగా ఇక్కడే తయారు చేసే ప్రణాళిక ఉన్నవారికి మాత్రమే అనుమతి అని కేంద్రం తేల్చింది. రెండు కంపెనీలూ ఏడాది తిరిగేలోగా తెర దించాయి.

కాని లైసెన్సుల రూపంలో అమెరికా పరిజ్ఞానం ఇక్కడే నిలిచింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ కంపెనీ క్రైస్లర్ ఒప్పందంతో 1947 నుంచి బొంబాయి కుర్లాలో డాడ్జి, డిసోటో, ప్లిమత్ వాహనాలు బిగించింది. 1945లో ఏర్పడిన మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపును తెచ్చింది. పల్లె బాటలలో జనాన్ని, సరుకును మోసిన ఆ జీపు పుట్టిల్లు అమెరికాలోని టొలీడో పట్టణం. ట్రాక్టర్ల విషయంలోనూ 1963లో మహీంద్రా షికాగోకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోనే చేయి కలిపింది. నేడు జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

శిష్యులే ఖరీదుదారులు

జపానులో కూడా ఇదే కథ. ఫోర్డు 1925లో యొకొహామాలో, జనరల్ మోటార్స్ 1927లో ఒసాకాలో కార్లు బిగించాయి. 1936 నాటి చట్టంతో వారికి దారి మూసుకుపోయింది. 1950లో టొయోటాకు చెందిన ఐజీ టొయోడా ఫోర్డు రివర్ రూజ్ కర్మాగారాన్ని చూసివచ్చారు. ఫోర్డు గొలుసును టొయోటా తీసుకున్నది గాని గోదాము నిండా సరుకు పెట్టే అలవాటును తీసుకోలేదు. ఏ రోజుకు కావలసిన భాగం ఆ రోజే తెప్పించుకునే పద్ధతిని పెంచింది. 1984లో జనరల్ మోటార్స్ తానే కాలిఫోర్నియాలో టొయోటాతో కలిసి కర్మాగారం నడిపి ఆ పద్ధతి నేర్చుకోవలసి వచ్చింది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా రక్షణ కోరాయి.

కొరియా కథ తెలుగు నేలకు మరింత దగ్గర. హ్యుందాయ్ 1968లో ఫోర్డు కార్టినా కారు బిగించడంతో వ్యాపారం ఆరంభించింది. కియా 1980లలో ఫోర్డు పేరు మీద ఫెస్టివా కారు చేసిపెట్టింది. 1998లో హ్యుందాయ్ చేతిలోకి వచ్చిన ఆ కియాయే పెనుకొండ వద్ద కర్మాగారం పెట్టి 2019లో ఉత్పత్తి ఆరంభించింది. పుణే దగ్గరి తాలేగావ్‌లో జనరల్ మోటార్స్ కర్మాగారాన్ని కొనడానికి 2023లో ఒప్పందం చేసుకున్నది కూడా హ్యుందాయే కావడం గమనార్హం. సానంద్‌లోని ఫోర్డు కర్మాగారాన్ని సుమారు 726 కోట్ల రూపాయలకు టాటా కంపెనీ తీసుకున్నది.

డీలరు మీద పడిన భారం

సరళీకరణ తరువాత 1990లలో తిరిగి వచ్చిన ఈ రెండు కంపెనీలూ రెండవసారి కూడా నిలవలేదు. జనరల్ మోటార్స్ 2017 చివరికి దేశీయ అమ్మకాలు ఆపింది. ఫోర్డు 2021 సెప్టెంబరు 9న ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. పదేళ్ళలో తనకు 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని చెప్పింది. చిన్న కారుకు, తక్కువ ధరకు, ఎక్కువ మైలేజీకి గిరాకీ ఉన్న మార్కెట్టులో ఈ కంపెనీల రకాలు చాలినంత అమ్ముడుపోలేదు. అమ్మకం తగ్గితే బండికి పడే ఖర్చు పెరుగుతుంది. మోడల్ టి కాలంలో లాభించిన లెక్కే ఇక్కడ ఎదురు తిరిగింది.

కర్మాగారం అమ్ముకుంటే కంపెనీకి కొంత సొమ్ము వస్తుంది. షోరూము, వర్క్‌షాపు మీద పెట్టుబడి పెట్టిన డీలరుకు ఆ అవకాశం తక్కువ. ఫోర్డు ప్రకటన వెలువడిన నాడు 170 మంది డీలర్లు, వారి పెట్టుబడి సుమారు 2,000 కోట్ల రూపాయలు అని డీలర్ల సమాఖ్య లెక్క చెప్పింది. వాహనం కొన్నవారికి సర్వీసు, విడిభాగాలు కొనసాగుతాయని కంపెనీ హామీ ఇచ్చినా, అమ్మకాలు నిలిచిన కంపెనీ బండికి పాత ధర పలకదు.

కనుక కారుకో, లారీకో, ఏజెన్సీకో పైకం పెట్టేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. విడిభాగం ఆర్మూరు, నిజామాబాదు దుకాణాల్లో దొరుకుతుందా, లేక కంపెనీ డిపో నుంచే రావాలా? స్థానిక మేస్త్రీ దానిని విప్పగలడా? రెండవ చేతి ధర ఎంత పలుకుతున్నది? ఏజెన్సీ ఒప్పందంలో కంపెనీ తప్పుకుంటే మిగిలిన స్టాకును, విడిభాగాలను తిరిగి తీసుకునే షరతు ఉన్నదా? రాబడులు జోరుగా ఉన్న రోజుల్లో బండి వారం పాటు మూలపడితే, ఆ నష్టం కొన్ననాడు దొరికిన తగ్గింపు కన్నా ఎక్కువే అవుతుంది.

అమెరికా కంపెనీల రాకపోకలు ఇంకా ముగియలేదు. చెన్నై కర్మాగారంలో ఇంజన్ల తయారీకి ఫోర్డు 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. నేడు స్టెల్లాంటిస్‌లో భాగమైన క్రైస్లర్, జీపుల మాతృసంస్థ 2020 డిసెంబరులో 15 కోట్ల డాలర్లతో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కేంద్రం ప్రకటించింది. కంపెనీ పేరు ఎంత పెద్దదైనా, కొనేవారు మాత్రం బండికి ఆర్మూరులో భాగం దొరుకుతుందా లేదా అన్నది చూసుకునే బేరానికి దిగడం మేలు.