తల్లికి ముఖం గీసేదెవరు?

మేడారం జాతర మీద బొమ్మ గీయమని హైస్కూలు పిల్లలకు పోటీ పెడితే ముందుగా కళ్లబడేది పులినెక్కిన సమ్మక్కే. క్యాలెండర్లలో, ఫ్లెక్సీల మీద ఉన్న బొమ్మ అదే మరి. ఒకప్పటి వరంగల్, ఇప్పటి ములుగు జిల్లాలోని మేడారం గద్దెల మీద మాత్రం విగ్రహం ఉండదు. చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులైన వడ్డెలు తెచ్చేది కుంకుమ భరిణె, గద్దె మీద నిలిచేది వెదురు. తల్లికి ముఖమే ఇవ్వని ఊళ్లో, క్యాలెండర్లు అచ్చేసేవాళ్లు ఇచ్చిన ముఖాన్ని నీటుగా దించినవాళ్లకు బహుమతి వస్తే అది చేతిపనికి దక్కినట్టే, చూపుకు కాదు. పోటీలు వద్దని నేననను. మార్కులు దేనికి వేస్తున్నామో ముందు తేల్చుకోవాలి.

ఈ చిక్కు పిల్లలతో వచ్చింది కాదు. 9 నుంచి 12 తరగతుల వాళ్ల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ బడి నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, దేశస్థాయికి మెట్లు కట్టింది. దేశీయ కళలను బడికి చేర్చడం దాని ఉద్దేశాల్లో ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం చూస్తే, 6–8 తరగతుల్లో వందమంది దాటిన బడికి పార్ట్‌టైమ్ కళాబోధకుడు ఉండాలంటుంది. ఆ చట్టం ఎనిమిదితో ఆగిపోతుంది, పోటీ తొమ్మిదితో మొదలవుతుంది! నేర్పేవాళ్లు లేనప్పుడు పిల్లలు ఫోన్లో దొరికిన బొమ్మను దించక ఏం చేస్తారు? దగ్గరలోనే పడిగె ఉంది. కోయల వంశాల, గట్లనే గోత్ర సమూహాల చరిత్ర చెప్పే గుడ్డపటం అది. డోలి వాయిస్తూ ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. డ్రాయింగ్ పోటీకీ ఆ గుడ్డకూ సంబంధం ఉందని మన బడి ఎప్పుడూ అనుకోలేదు.

కోయ పిల్ల అయినంత మాత్రాన పడిగే గీయాలా, రాకెట్ గీస్తే తప్పా అని అడగొచ్చు. బలమైన ప్రశ్నే. సంప్రదాయాన్ని నిర్బంధం చేస్తే అదీ కాపీయే అవుతుంది, పైగా పడిగె పూజలో ఉండే వస్తువు, పెద్దల అనుమతి లేకుండా పోటీకి ఎక్కించకూడదు. కాపీ కాని దారి ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన పర్ధాన్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్‌కు తీసుకెళ్లింది. తమవాళ్లు పాటల్లో కొలిచే దేవతలకు ఆయన కాగితం మీద రూపాలు కల్పించాడు. ఆయనా ముఖాలు గీసినవాడే కదా అంటారేమో. గీశాడు, కానీ ఎవరి ముఖాన్నీ దించలేదు. నేను అడుగుతున్న తేడా అంతే. రాకెట్‌కైనా, సమ్మక్కకైనా అదే వర్తిస్తుంది.

ఇక కొలమానం మాట. శుభ్రత అందరికీ కనిపిస్తుంది, చూపును ఎలా కొలుస్తామంటారు. గీసిన బొమ్మ గురించి ఆ పిల్లనే ఐదు నిమిషాలు మాట్లాడించండి. ఎక్కడ చూసింది, ఏది వదిలేసింది, ఎందుకు వదిలేసింది అని అడిగితే దించిన బొమ్మ అక్కడే బయటపడుతుంది. అడిగేవాళ్లకు ఊరు తెలిసి ఉండాలి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. జిల్లా పోటీకి న్యాయనిర్ణేతలను పంపడం దానికి భారమేమీ కాదు. వాళ్ల పక్కన ఒక కుర్చీ డోలి కళాకారుడికి వేయాలి, శాలువా కప్పి పంపేయకుండా ఆయన చేతికీ మార్కుల కాగితం ఇవ్వాలి.