టెలివిజన్ పాటల పోటీలలో న్యాయనిర్ణయం

టెలివిజన్ స్టూడియోలో వాద్యబృందంతో కలిసి పాడిన పాటను అక్కడికక్కడే విని, దాని గుణదోషాలను తేల్చి చెప్పడం పాటల పోటీలలో న్యాయనిర్ణేతల పని. హిందీలో జీ టీవీ 1995లో ప్రారంభించిన స రె గ మ, తెలుగులో ఈటీవీ 1996లో ప్రారంభించిన పాడుతా తీయగా భారతదేశంలో ఈ తరహా కార్యక్రమాలలో తొలితరానికి చెందినవి. రెండవదానికి పేరు మూగ మనసులు (1964) చిత్రంలో ఘంటసాల పాడిన పాట నుండి వచ్చింది. గాయకుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) చాలాకాలం ఈ కార్యక్రమాన్ని నిర్వహిస్తూ న్యాయనిర్ణేతగా కూడా వ్యవహరించాడు. అతని మరణానంతరం 2021లో కుమారుడు చరణ్ నిర్వహణ బాధ్యత స్వీకరించాడు.

పరిశీలించే అంశాలు

మొదటిది శ్రుతి. పాట ఎత్తుకొనేటప్పుడు, వాద్యసంగీతం ముగిసి చరణం అందుకొనేటప్పుడు శ్రుతి తప్పడం తరచుగా జరుగుతుంది. సినిమా రికార్డింగులో అటువంటి చోట మళ్ళీ పాడించి అతికించవచ్చు. పోటీలో ఆ వీలు లేదు. పై స్థాయి అందదన్న భయంతో శ్రుతి తగ్గించుకొంటే మంద్రస్థాయిలో స్వరాలు వినబడవు. కాబట్టి శ్రుతిని ఎంచుకోవడం కూడా పరీక్షలో భాగమే. పద్యానికి తాళం తోడు ఉండదు గనుక అక్కడ శ్రుతిదోషం దాగదు.

ఉచ్చారణ తెలుగు పోటీలలో ప్రత్యేకమైన అంశం. బాలసుబ్రహ్మణ్యం దీనిని బాగా పట్టించుకొనేవాడు. కల అంటే స్వప్నం, కళ అంటే విద్య; ఒక్క అక్షరం మారితే అర్థమే మారిపోతుంది. వేణువును వేనువు అనడం, బాధను బాద అనడం నేడు సాధారణమైపోయాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మూలగాయకుని రికార్డులోనే దోషం ఉంటే, దానిని విని యథాతథంగా నేర్చుకొన్న అభ్యర్థికి మార్కులు తగ్గించాలా? తగ్గించి, కారణం కూడా చెప్పడమే సబబు. కారణం చెప్పని మార్కు వలన పాడినవారికి గాని, ఇంట్లో కూర్చుని వింటున్న విద్యార్థికి గాని ప్రయోజనం లేదు. బాలల పోటీలలో ఈ సంగతి మరింత ముఖ్యం.

లయ, భావం, సంగతులలో స్పష్టత తరువాతి అంశాలు.

చెవి, కన్ను

న్యాయనిర్ణేత చెవితోనే తీర్పు చెబుతాడని అనుకొంటాము. పరిశోధకురాలు చియా జుంగ్ త్సాయ్ 2013లో ప్రచురించిన అధ్యయనం దీనిని సందేహంలో పడవేసింది. పది అంతర్జాతీయ శాస్త్రీయ సంగీత పోటీలలో చివరి ముగ్గురి ప్రదర్శనల తునకలను కొందరికి ధ్వని మాత్రమే వినిపించి, కొందరికి ధ్వని లేకుండా చూపించి, విజేత ఎవరో ఊహించమన్నారు. శబ్దం లేని చిత్రాన్ని చూసినవారే ఎక్కువగా సరిగ్గా చెప్పగలిగారు. వృత్తి సంగీతకారుల విషయంలోనూ అదే ఫలితం వచ్చింది! దుస్తులు, అలంకరణ, హావభావాలకు పెద్దపీట వేసే టెలివిజన్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువనే చెప్పాలి.

వరుసక్రమం కూడా తీర్పును ప్రభావితం చేస్తుంది. బెల్జియంలోని క్వీన్ ఎలిజబెత్ పోటీలో ప్రదర్శన క్రమాన్ని చీటీల ద్వారా నిర్ణయిస్తారు. అయినా చివరి రోజులలో వాయించినవారికి మెరుగైన స్థానాలు దక్కినట్లు 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది.

ఇంట్లో వినబడే ధ్వని, స్టూడియోలో వినబడిన ధ్వని ఒకటి కావు. ముందుగా చిత్రీకరించిన కార్యక్రమాలలో ప్రసారానికి ముందు గొంతుకు మెరుగులు దిద్దుతారు. 1997లో వచ్చిన ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ తప్పిన స్వరాన్ని సరిదిద్దగలదు. బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ పోటీలో దీనిని వాడారని 2010లో ప్రేక్షకులు తీవ్రంగా విమర్శించారు. "ఇంత బాగా పాడితే మార్కులెందుకు తగ్గాయి?" అని అడిగే ప్రేక్షకుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ప్రేక్షకుల ఓట్లు

2004లో సోనీలో మొదలైన ఇండియన్ ఐడల్ వంటి పోటీలలో చివరి అంచెలలో ఫలితం ప్రేక్షకుల ఓట్లపై ఆధారపడింది. అక్కడ న్యాయనిర్ణేతల మాట వ్యాఖ్యగానే మిగులుతుంది. ఈ పోటీలో హైదరాబాదుకు చెందిన కారుణ్య 2006లో ద్వితీయ స్థానం పొందగా, శ్రీరామచంద్ర 2010లో విజేతగా నిలిచాడు.